మస్కట్‌లో దేహం, తణుకులో ప్రాణం

నేను ఒక క్రెడిట్ కార్డును. చక్రవర్తులు రాగిరేకుల మీద పేర్లు చెక్కించుకున్నట్టే, నా ఏలిక పేరు నా వక్షస్థలం మీద ఉబ్బెత్తు అక్షరాలతో వెలసింది: తోలేటి సువర్చల. ఒక కర్మాగారంలో పుట్టి, పసిడి వన్నె చిప్పు ధరించి, కొరియరు వాహనమెక్కి తణుకు చేరాను. అక్కడి చీరల కొట్లలో, మందుల దుకాణాల్లో కొంతకాలం దిగ్విజయ యాత్రలు సాగించాక, నర్సు ఉద్యోగానికి మస్కట్ వెళ్తున్న ఆమె పర్సులో సముద్రం దాటాను.

దాటాక తెలిసింది, నా సార్వభౌమత్వం ఏపాటిదో. నా దేహం మస్కట్‌లో ఉన్నా ప్రాణం మాత్రం తణుకులోనే, సువర్చల ఆడపడుచు రత్నమాణిక్యం ఇంట్లో, ఆమె వదిలొచ్చాక ఫ్రిజ్ మీద పడి ఉండే పాత ఫోనులో చిక్కుకుంది. నేను ఏ చెల్లింపుకు బయలుదేరినా బ్యాంకు ఓటీపీ పంపేది ఆ నంబరుకే.

ఆ శుక్రవారం మధ్యాహ్నం సువర్చల వేళ్ల చెమట నా అంచులకు అంటుకుంది. స్వదేశంలోని నర్సింగ్ రిజిస్ట్రేషన్ పునరుద్ధరణకు అదే చివరి రోజు. అది రద్దయితే ఇక్కడి ఆసుపత్రి ఉద్యోగమూ పోతుంది. ఆ వెబ్‌సైటు పరదేశపు కార్డులను దరిచేరనివ్వదు. ఆ పర్సులో రణరంగానికి పనికొచ్చే యోధుణ్ని నేనొక్కడినే. మూడుసార్లు ఓటీపీ తప్పితే ఆ రోజుకు నా కథ ముగిసినట్టే.

మొదటి ఓటీపీని మర్యాద మింగేసింది. ఫోను ఎత్తగానే రత్నమాణిక్యం, "ఏం వండావు వదినా? పిల్లదాని జలుబు తగ్గిందా?" అని అడిగింది. ఆడపడుచు క్షేమం కనుక్కోకుండా అంకెలు అడగడం సువర్చలకు పుట్టింట నేర్పలేదు. పులుసు సంగతి తేలేసరికి గడువు దాటింది.

రెండోసారి బ్యాంకే అడ్డుపడింది.

"ఇది ఎవరికీ చెప్పొద్దని ఇందులోనే రాసుంది వదినా."

"కార్డు నాదే కదా మాణిక్యం. నాకు చెప్పొచ్చు."

"నువ్వేనని ఏంటి నమ్మకం? ఇప్పుడు గొంతులు, మొహాలు కూడా దొంగిలిస్తన్నారంట. మా పక్కింటాయన అలాగే మునిగాడు."

ఈ ధర్మసంవాదంలో రెండోదీ గడిచిపోయింది. సువర్చల కళ్లు మూసుకుని మూడోసారి నొక్కింది.

"వచ్చింది వదినా. ఒక్కటి చెప్పు, ఇస్తా. నీ పెళ్లయ్యాక గుమ్మానికి అడ్డంగా నిలబడి నేనేం అడిగాను?"

కొత్త కోడల్ని వాకిట్లో నిలిపి ఆడపడుచు మాట తీసుకునే వేడుక అది. అందరూ నవ్వుతారు, ఆపైన భోజనాలకు లేస్తారు.

"నాకు కూతురు పుడితే మీ అబ్బాయికి ఇమ్మన్నావు."

"నువ్వేమన్నావు?"

"ఇస్తానన్నాను."

"ఇప్పుడూ అదే మాటేనా?"

తెర మీద క్షణాలు తరుగుతున్నాయి. పక్క గదిలో ఏడో తరగతి చదివే ఆ కూతురు పాఠం వల్లిస్తోంది. సువర్చల గుప్పిట్లో నా నడుము వంగింది.

"అదే మాట. నంబరు చెప్పు మాణిక్యం."

అంకెలు వచ్చాయి. రుసుము చెల్లింది. రిజిస్ట్రేషన్ నిలిచింది. జయధ్వానాల కోసం నేను చెవులు రిక్కించాను, పక్క గదిలోని పాఠమే వినిపించింది. నేను చేసే అప్పుకు నెలనెలా బిల్లు వస్తుంది, గడువు తేదీతో సహా. సువర్చల నోటితో చేసిన అప్పుకు అలాంటిదేమీ రాదు.

కూతురు గదిలోంచి వచ్చింది. "ఫోన్లో ఎవరమ్మా?"

"అత్త."

"ఏమంటోంది?"

"ఇటు కూర్చో. నీ జడ ఊడిపోయింది."

మేజా మీదినుంచి నాకు స్పష్టంగా కనిపిస్తోంది. జడ బిగుతుగానే ఉంది.