దీపం ఆర్పని పేజీలు

నేను ఒక బైండు పుస్తకాన్ని. ప్రెస్సులో అచ్చయిన పుస్తకాలు ఒకేసారి పుడతాయి. నేను మాత్రం వారానికి కాస్త చొప్పున పుట్టాను. పాలకొల్లు బజారులో అద్దె పుస్తకాల షాపు నడిపే మాణిక్యం ఒక వారపత్రికలో వచ్చిన సీరియల్ కాగితాలను ప్రతివారం కత్తిరించి దాచింది. కథ ముగిసిన వారం వాటన్నిటినీ సర్ది, దబ్బనంతో కుట్టి, మైలుతుత్తం కలిపిన మైదా జిగురుతో అట్టలు అంటించింది. ఆ తుత్తం ఉన్నంతకాలం పురుగులు నా జోలికి రాలేదు. మనుషులు దగ్గరకు రాకుండా ఏం కలపాలో ఆమెకు తెలియదు.

సీరియల్ బిడ్డను కాబట్టి నా ఒంటి మీద ఇతరుల ముక్కలు కూడా ఉన్నాయి. ఒక వారం కథ ముగిసిన పేజీ వెనక సగం గోంగూర పచ్చడి ఉంది. మిగతా సగం కత్తెరకు పోయింది. ఆ పచ్చడిలో ఉప్పు ఎంతో ఈనాటికీ నాకు తెలియదు.

నా కథ వసంత అనే ఆవిడది. కాలువ లాకుల దగ్గర ఉద్యోగం చేసే భర్త, పెళ్ళయి చాలా ఏళ్ళు. ఒక రాత్రి ఆయన అలవాటుగా దీపం ఆర్పబోతాడు. వసంత ఆయన మణికట్టు పట్టుకుని, "ఆర్పొద్దు. నన్ను చూడండి" అంటుంది. అక్కడి నుంచి ఆరు పేజీలు, అంటే మూడు కాగితాలు. ఆ ఆరు పేజీలూ వసంత కళ్ళతో రాసినవి. ఆమెకు ఏది నచ్చింది, ఎక్కడ నవ్వొచ్చింది, సిగ్గు ఏ క్షణాన మాయమైంది, అన్నీ ఉన్నాయి. దాచింది ఏమీ లేదు. మాణిక్యం వాటిని కుట్టేటప్పుడు రెండుసార్లు సూది గుచ్చుకుంది, ఎందుకంటే ఆమె చూపు సూది మీద లేదు.

నన్ను ఎక్కువసార్లు తీసుకెళ్ళింది భ్రమరాంబ. ఆమె భర్త సోమేశ్వరరావు ఊళ్ళో సినిమా హాలు యజమాని, బజారు వర్తక సంఘం అధ్యక్షుడు కూడా. మాణిక్యం షాపు ఉన్న గది ఆ సంఘానిదే. రోజూ మధ్యాహ్నం భ్రమరాంబ ప్లాస్టిక్ వైరు బుట్టలో క్యారేజీ పెట్టుకుని హాలుకు వెళ్ళి భర్తకు ఇచ్చేది. వచ్చేటప్పుడు మాణిక్యం దగ్గర ఆగి, బుట్ట అడుగున ఉన్న పుస్తకం ఇచ్చి ఇంకొకటి తెచ్చుకునేది. ఆ వీధిలో సగంమంది ఆడవాళ్ళకు బుట్ట అడుగే లైబ్రరీ.

పెరట్లో బియ్యం ఏరుతూ ఆమె నన్ను పైకి చదివేది. పక్కింటి తాయారమ్మ వినేది. తాయారమ్మకు చదువు రాదు, డెబ్బై దాటిన మనిషి.

"ఆ ముక్క మళ్ళీ చదువమ్మా."

"ఏ ముక్కండి పిన్నిగారూ?"

"తెలీనట్టు అడక్కు. ఆ దీపం ముక్క."

చదివాక తాయారమ్మ చేటలోని మట్టిబెడ్డ తీసి పారేసి, "మా ఆయన మొహం నేను పగటిపూట చూసిందే గుర్తమ్మా. రాత్రిపూట ఎలా ఉండేవాడో ఏటో" అంది. తర్వాత ఇద్దరూ నవ్వారు. చేటలో బియ్యం చెదిరిపోయేంతగా నవ్వారు.

నా అంచుల నిండా ఆడవాళ్ళ రాతలుండేవి. ఒకామె "ఈ వసంత మా వీధిలో ఉంటే బాగుణ్ణు" అని రాసింది. దాని కింద ఇంకొక చేతిరాత: "ఉంది. మీకే తెలీదు." పసుపు అంటిన వేళ్ళు, జండూబామ్ వాసన వేళ్ళు నా మీద నడిచాయి. ఏ ఒక్క వేలూ నన్ను చూసి సిగ్గుపడలేదు, నాకూ ఏ వేలి మీదా అసహ్యం కలగలేదు. అసహ్యం అంటే ఏమిటో నాకు తెలియజెప్పింది సినిమా హాలు.

ఒకరోజు భ్రమరాంబ తొందరలో బుట్టంతా హాల్లోనే వదిలేసి వచ్చింది. సోమేశ్వరరావు క్యారేజీ తీసి, కింద గుడ్డ ఎత్తి, నన్ను చూశాడు. ఎక్కువసార్లు తెరిచిన చోట నా కుట్టు వదులైంది. నేను అక్కడే తెరుచుకున్నాను. ఆయన నిలబడే చదివాడు. సాంబారు మీద తెట్టు కట్టింది.

ఇంటికి వెళ్ళి భార్యను ఒక్క మాట అడగవచ్చు. అడగలేదు. అడిగితే జవాబు వస్తుందని భయం. అందుకే షాపు మీద పడ్డాడు. మర్నాడే సంఘంలో ఇద్దరిని పిలిచాడు. ఒకరు ఎరువుల కొట్టు గవర్రాజు, రెండోవారు హోమియో డాక్టరు లక్ష్మీపతి. పుస్తకం ఎవరో తెచ్చి ఇచ్చారని చెప్పాడు.

ముగ్గురూ హాలు ఆఫీసు గదిలో కూర్చున్నారు. ఆ హాల్లో మార్నింగ్ షో సినిమాలు ఎలాంటివో ఊరందరికీ తెలుసు. వాటి పోస్టర్లు ఆడపిల్లల హైస్కూలు ఎదుటి గోడకే అంటించేవారు. సినిమా నడుస్తుండగా ఆపరేటరు మధ్యలో ఒక బిట్టు, అంటే వేరే రీలు ముక్క, కలిపేవాడు. ఆ బిట్టుకు ముందూ వెనకా ఉండదు. అందులో ఆడమనిషికి పేరుండదు, మాట ఉండదు, చాలాసార్లు మొహం కూడా ఉండదు. గోడ అవతల అది నడుస్తున్నప్పుడు హాలంతా ఊపిరి బిగబట్టేది. గోడ ఇవతల వీళ్ళు నా మీద విచారణ మొదలుపెట్టారు.

"చదవకుండా ఎలా ఖండిస్తామండీ?" అన్నాడు గవర్రాజు. ఎర్ర పెన్సిలు తీశాడు.

లక్ష్మీపతి కాస్త నసిగాడు. "ఇందులో ఉన్నది మొగుడూ పెళ్ళాలే కదండీ."

"అదేనండీ ఘోరం," అన్నాడు సోమేశ్వరరావు. "ఎవత్తో చెడిపోయిందని రాస్తే సరే, లోకంలో ఉన్నదే. సంసారం చేసుకునే మనిషి నోరు తెరిచి అడగడం ఏంటండీ? ఇది ఇళ్ళల్లోకి వెళ్తోంది."

పెన్సిలు నడిచింది. వేలు నాలుకకు తాకించుకుని పేజీ తిప్పడం ముగ్గురికీ అలవాటే. ఒకరి వక్కపొడి, ఒకరి నశ్యం, ఒకరి చుట్ట వాసన నా మీద తడిగా దిగాయి. వసంత భర్తకు జ్వరం వస్తే ఆమె లాకులు తానే ఎత్తించిన ఘట్టం ఉంది. ఎవరూ చూడలేదు. మామగారు పోయిన రోజున ఆమె ఏడవలేకపోయిన ఘట్టం ఉంది. అదీ చూడలేదు. ఆ ఆరు పేజీలు మాత్రం ముగ్గురూ విడివిడిగా, మళ్ళీ కలిసి, మళ్ళీ విడివిడిగా ఖండించారు.

తర్వాత ఇంకో ముచ్చట. సభ్యులందరికీ సాక్ష్యం అందాలని ఆ ఆరు పేజీలను టైపు చేయించి సైక్లోస్టైల్ ప్రతులు తీయించారు. స్థలం కలిసిరావాలని కథ తీసేశారు. గౌరవంగల భార్య పేరు ఉండకూడదని వసంత పేరు తీసేసి 'ఆమె' అని పెట్టారు. భర్త 'వాడు' అయ్యాడు. నవ్విన చోట్లు, మాట్లాడుకున్న చోట్లు అనవసరమని కొట్టేశారు. వారం తిరక్కుండా ఆ కాగితాలు పిన్ను కొట్టించుకుని, ఈత దుస్తుల్లో ఉన్న ఎవరో విదేశీ పిల్ల బొమ్మ అట్టగా వేసుకుని, అదే హాలు సైకిల్ స్టాండు దగ్గర చేతులు మారాయి. ఎవరి ద్వారా బయటికి వెళ్ళాయో ముగ్గురికీ తెలుసు. ముగ్గురూ అడగలేదు.

ఆ పిన్ను కొట్టిన పుస్తకాన్ని ఒకసారి నా పక్కనే బల్ల మీద పడేశారు. నా మాటలే, నా వాక్యాలే. అయినా నేను దాన్ని గుర్తుపట్టలేకపోయాను. వసంతను బిట్టు చేశారు. అంతకాలం నేను ఆడవాళ్ళ మధ్య ఏమిటో, ఆ బల్ల మీద ఉన్నది ఏమిటో, ఆ రెండింటికీ నడుమ ఉన్న తేడా నాకు అప్పుడు తెలిసింది. ఆ తేడా చేసింది ఎర్ర పెన్సిలు. నాకు వాంతి వచ్చే వీలు ఉంటే అక్కడే అయ్యేది.

విచారణ ముగిసేలోగా నా కుట్టు పక్కన బ్లేడు మూడుసార్లు దిగింది. మూడూ వేరువేరు వేళల్లో, వేరువేరు చేతులతో.

తీర్పు రోజు మాణిక్యాన్ని ఆ గదికే పిలిపించారు. ఆమె గుమ్మం దగ్గరే నిలబడింది. కూర్చోమని ఎవరూ అనలేదు.

"ఈ బూతు పుస్తకం నీ షాపుదేనా?" అన్నాడు సోమేశ్వరరావు.

"పుస్తకం నాదేనండి. రెండో మాట మీదండి."

"నోరు తగ్గించు. గది ఖాళీ చెయ్యాలి."

గవర్రాజు మధ్యలో కల్పించుకున్నాడు. "ఆగండి అధ్యక్షా. ఒక అవకాశం ఇద్దాం. ఏమ్మా, దీన్ని ఎవరెవరు తీసుకెళ్తున్నారో పేర్లు చెప్పు. ఆ ఇళ్ళవాళ్ళకి మేం నచ్చచెప్పుకుంటాం. నీ షాపు జోలికి రాం."

సోమేశ్వరరావు మెడ మీద చెమట నేను చూశాను. మాణిక్యమూ చూసింది. ఒక్క పేరు చాలు, ఆమె షాపు నిలుస్తుంది. ఆ షాపు తప్ప ఆమెకు ఇంకో ఆధారం లేదు, మొగుడు ఎప్పుడో వదిలేసి పోయాడు. ఆమె సోమేశ్వరరావు మొహంలోకి చాలాసేపు చూసింది.

"షాపు పోతే మిషను కుట్టుకుంటానండి. పేర్లు మాత్రం చెప్పను."

ఆయన ఊపిరి వదిలాడు. "విన్నారుగా. ఖాళీ చెయ్యమనండి."

అప్పుడు గుమ్మంలో వైరు బుట్ట కనిపించింది. క్యారేజీ వేళ అయింది. భ్రమరాంబ ఎంతసేపటి నుంచి అక్కడ ఉందో నాకు తెలియదు. లోపలికి వచ్చి, బల్ల మీద క్యారేజీ పెట్టి, నన్ను చేతిలోకి తీసుకుంది.

"ఇది నేను తెచ్చుకున్నదండి. మొన్న బుట్టలో మర్చిపోయాను. ఇంకా పూర్తి కాలేదు."

గోడ అవతల బిట్టు మొదలైనట్టుంది, హాలు నిశ్శబ్దమైంది. ఆమె నన్ను తెరిచింది. వదులైన చోటే తెరుచుకున్నాను. అక్కడ మూడు కోసిన అంచులే ఉన్నాయి.

"మధ్యలో కాగితాలు ఏవండీ?"

"సాక్ష్యం అమ్మా, అంటే..." అంటూ గవర్రాజు చెయ్యి తనకు తెలియకుండానే చొక్కా జేబు మీదికి పోయింది.

భ్రమరాంబ ఆ చేతినే చూస్తూ నిలబడింది. గవర్రాజు జేబులోంచి చెమటకు మెత్తబడ్డ కాగితం బల్ల మీదికి వచ్చింది. లక్ష్మీపతి మందుల సంచీ విప్పి, పంచదార గుళికల సీసాల అడుగు నుంచి ఇంకొకటి తీశాడు. మూడోది రావడానికి కాస్త సమయం పట్టింది. అది సోమేశ్వరరావు పర్సులో, వెంకటేశ్వరస్వామి పటం వెనక ఉంది.

మాణిక్యం నవ్వు ఆపుకోవడానికి కొంగు నోట్లో కుక్కుకుంది. భ్రమరాంబ నవ్వలేదు. ఆ మూడు కాగితాలనూ ముట్టుకోలేదు.

"అవి ఇక నాకొద్దండి. మీరే ఉంచుకోండి," అంది. భర్త వైపు తిరిగి, "అన్నం చల్లారిపోతుంది, తినండి" అని, నన్ను బుట్టలో వేసుకుని, మాణిక్యం చెయ్యి పట్టుకుని బయటికి నడిచింది.

గది ఖాళీ చేసే మాట సంఘంలో మళ్ళీ ఎవరూ ఎత్తలేదు. ఎత్తితే ఏ ఇంటి పేరు ముందు వస్తుందో తెలుసు.

మాణిక్యం నా కుట్టు విప్పి, పోయిన చోట తెల్లకాగితాలు పెట్టి మళ్ళీ కుట్టింది. మొదట అవి ఊరికే ఉండేవి. ఒకసారి ఎవరో తమకు గుర్తున్నంతవరకు వసంత మాటలు రాశారు. తర్వాత వచ్చినామె, "ఇలా కాదు, ముందు ఆవిడ నవ్వింది" అని దిద్దింది. ఆ తర్వాత వసంతవి కానివి కూడా రావడం మొదలైంది. తాయారమ్మ చెబితే ఎవరో రాసిపెట్టారు. కాగితాలు చాలక మాణిక్యం ఇంకొన్ని కుట్టింది. ఆ చేతిరాతల్లో కొన్ని వసంతనే సిగ్గుపడేలా చేస్తాయి. వాటిలో ఒక్కటి కూడా బిట్టు కాదు. ప్రతిదానికీ ఒక మనిషి ఉంది.

టీవీలు వచ్చాయి. షాపు మూతపడ్డ రోజున మాణిక్యం నన్ను భ్రమరాంబ చేతిలో పెట్టింది. ఇప్పుడు నేను ఆమె ఇంట్లో రేడియో పక్కన అలమరలో, అందరికీ కనిపించేలా ఉంటాను. నా అట్ట ఊడింది. తుత్తం బలం తగ్గింది.

మొన్న భ్రమరాంబ మాణిక్యాన్ని చూడడానికి వెళ్ళినప్పుడు సోమేశ్వరరావు అలమర తెరిచాడు. హాలు ఎప్పుడో గోడౌను అయిపోయింది, ఆయన కళ్ళకు ఆపరేషను అయింది. నల్ల కళ్ళద్దాలు పైకెత్తి, కిటికీ దగ్గర కూర్చుని నన్ను తెరిచాడు. తెల్లకాగితాలు మొదలైన చోటే తెరుచుకున్నాను.

ఆ పేజీలో ఒక వాక్యం ఆయన భార్య రాసింది. ముప్పై ఏళ్ళుగా ఆమె వంట సామాన్ల చీటీలు చూసిన మనిషి, ఆ రాత గుర్తుపట్టకుండా ఉండడు. "మా ఇంట్లో దీపం ఆర్పేస్తారు. ఆ చీకట్లో అక్కడ ఉన్నది నేనేనని ఆయనకు తెలుసో లేదో నాకు ఇప్పటికీ తెలియదు."

ఆయన చూపు ఆ వాక్యం మీదుగా వెళ్ళింది. ఆగుతుందేమోనని చూశాను. ఆగలేదు. వేలు నాలుకకు తాకించుకుని పేజీ తిప్పాడు. మళ్ళీ తిప్పాడు. ఆయన వెతుకుతున్నది అది కాదు.