అమ్మడు ఇంటి కూడిక

2023 జులై 13, గురువారం. ఆ సాయంత్రం నేను తిన్నవి ఉడికించిన బొబ్బర్లు, పైన పచ్చి ఉల్లిముక్కలు. ముప్పై మందికని వండారు. తిన్నది ముగ్గురం.

కాలేజీలో పాఠాలు చెప్పి రిటైరయ్యాక, శ్రీకాకుళంలో మా సంఘానికి నేను కార్యదర్శినయ్యాను. ప్రతి గురువారం ఒక్కో సభ్యుడి ఇంట్లో ప్రార్థన కూడిక జరుగుతుంది. వంతుల జాబితా రాసేది నేనే. అమ్మడు మునిసిపాలిటీలో మురుగుకాలవలు తీస్తుంది. బాప్తిస్మం తీసుకుని రెండేళ్లయినా ఆమె ఇంటికి వంతు రాలేదు. ఎప్పుడని ఆమె అడగడం, వస్తుందిలే అని నేను అనడం. మా ఆవిడ బతికుండగా ఒక్కతే ఆ ఇంటికి వెళ్లి టీ తాగి వచ్చేది. నిరుడు ఆవిడ పోయాక, ఆ మాత్రం కూడా ఎవరూ చేయలేదు. నేనూ చేయలేదు.

చివరికి ఆ నెల జాబితాలో అమ్మడు పేరు రాసి, ఆదివారం ఆరాధనలో పైకి చదివాను. బయటికి వచ్చాక సంఘపెద్ద ధనరాజు నన్ను పక్కకు పిలిచాడు.

"గుళ్లోకి రానిత్తన్నాం కదా మేస్టారూ. ఇళ్లదాకా ఏల?"

మా తాతను ఊళ్లో ఎవరూ గుమ్మం ఎక్కనివ్వని రోజుల్లో, ఒక మిషనరీ దొరసాని లోపలికి పిలిచి కూర్చోబెట్టింది. ధనరాజు తాతదీ అదే కథ. ఆ మాట గుర్తుచేశాను. అతను గొడుగు విప్పుకుని వెళ్లిపోయాడు.

గురువారం నేను వెళ్లేసరికి అమ్మడు గదినిండా చాపలు పరిచింది. ఎంతమంది వస్తారని ముందురోజు అడిగితే, ముప్పై మంది అని చెప్పింది నేనే. గ్లాసులు అరువిచ్చిన పక్కింటి మరిడమ్మ గుమ్మంలో కూర్చుని చూస్తోంది. ఆరయింది. ఆరున్నరయింది. జ్వరమని పాస్టరుగారు ఫోన్ చేశారు. సన్నగా తుంపర మొదలైంది.

"ఆళ్లు రారా, మేస్టారూ?"

"వాన కదా, అమ్మడూ."

"మా ఈదిలోనే కురుస్తన్నాదేటి?"

మరిడమ్మ నవ్వబోయి, అమ్మడు ముఖం చూసి ఆగింది. లేచి వచ్చి చాప మధ్యలో కూర్చుంది.

"నాను కూకుంటానే. పేర్థన రాదు గానీ బొబ్బర్లు తినడం వచ్చు."

మేమిద్దరం పాడాం, మరిడమ్మ చప్పట్లు కొట్టింది. ప్రార్థనలో అమ్మడు, రానివాళ్ల పేర్లు ఒక్కొక్కటే చెప్పి వాళ్లను చల్లగా చూడమంది. ధనరాజు పేరు, అతని మనవరాలి పేరు కూడా. ఆమెకు అందరి పేర్లూ తెలుసు. ఆమె ఇంటిపేరు జాబితాలో రాసేటప్పుడు నేను రిజిస్టరు వెతుక్కున్నాను.

లేవబోతుంటే, వచ్చే గురువారం ఎవరింట్లో అని అడిగింది. ధనరాజు ఇంట్లో అన్నాను.

"నాను రావొచ్చు కదా బాబూ?"

రావచ్చు అనలేకపోయాను. వద్దనీ అనలేకపోయాను.  జారుతుంది జాగ్రత్త అని చెప్పి, ఆమె గుమ్మంలోంచే ఫోన్ లైటు వేసి సందు మలుపుదాకా నాకు దారి చూపించింది.

మలుపులో తిరిగి చూశాను. ఆమె గుమ్మంలో నిలబడి ఇంకా సందులోకే చూస్తోంది. తర్వాత అమ్మడు గ్లాసులు కడిగి మరిడమ్మకు ఇచ్చేసి, లోపలికి వెళ్లి, చప్పుడు కాకుండా తలుపు వేసుకుంది.