ఫాచి ఉప్పు బేరం

ఒంటెల బిడారు కనబడిందని ఎడారి నడుమనున్న ఫాచి ఊరంతా గోలగోలగా ఉంది. కెల్లు ఉప్పుగుంటలోంచి పైకొచ్చి, మోకాళ్ల దాకా పట్టిన తెల్లటి పొర గీరేసుకుని, గబగబా ఇంటికి నడిచింది. అచ్చుల్లో పోసి ఎండబెట్టిన ఉప్పు దిమ్మలు వాకిట్లో బారులు తీరి ఉన్నాయి. వాటి ముందు చాప పరిచింది. కళ్లకు కాటుక పెట్టుకుంది.

పెనిమిటి పోయాక ఆ ఇంట్లో పలకరించే దిక్కు లేదు. పిల్లలు లేరు. ఇరుగుపొరుగు ఎవరి గుంటల్లో వాళ్లుంటారు. ఏటా చలికాలంలో మొహానికి ముసుగు చుట్టుకుని, ఎడారి దాటి సజ్జలు తెచ్చే వర్తకుడు ఘుమూర్‌తోనే ఆమెకు కడుపారా మాటలు. బేరమని కూర్చుని పొద్దుగూకేదాకా తిట్టుకునేవాళ్లు.

“ఇది ఉప్పా ఇసకా గయ్యాళీ?” అనేవాడతను.

“ముసుగు తియ్యి దొంగా, ఆ మాట మొహం చూపించి అను!” అనేది ఆమె.

ఈసారి చాప మీద కూర్చున్నది వేరే మనిషి.

“నేను ఘుమూర్ తమ్ముణ్ణి, ఎఫద్‌ని, పెద్దమ్మా. అన్నకి చూపు పోయింది. ఇక ఈ దారి నడవలేడు.”

కెల్లు ఒక దిమ్మను అతని ముందుకు జరిపింది. తర్వాత, “దిమ్మకి మూడు గిన్నెల సజ్జలు” అంది. అన్యాయమైన ధర. ఘుమూరైతే నెత్తీనోరూ బాదుకునేవాడు.

“సరే” అని ఎఫద్ గిన్నె నిండా గోపురంలా పోసి కొలవసాగాడు.

“సరే ఏంట్రా? సగానికే ఇచ్చేదాన్ని!”

“నువ్వెంతంటే అంత ఇమ్మన్నాడు అన్న.”

కెల్లు అతని చెయ్యి పట్టుకుని ఆపింది. “అంటే, ఇక నాతో పోట్లాడడన్నమాట” అంది. గిన్నె లాక్కుని, ఎక్కువైన గింజలు అతని సంచిలోనే పోసేసింది. “నువ్వెళ్లి చెప్తే మీ అన్న వింటాడా?”

“చెవులు బాగానే ఉన్నాయి.”

“అయితే విను.” ఏడాదంతా దాచుకున్న తిట్లన్నీ ఒక్కొక్కటే అప్పజెప్పింది. ఎఫద్ పెదాలు కదుపుతూ కంఠతా పట్టాడు. నవ్వొచ్చినచోట ముసుగు పైకి లాక్కున్నాడు.

బిడారు వెళ్లిపోయింది. ఆ ఏడాదంతా కెల్లు గుంటలో ఉప్పు తోడుతూ, ఘుమూర్ ఏమని ఉంటాడో తనే ఊహించుకుని, తనే బదులిచ్చుకునేది.

మళ్లీ చలికాలం వచ్చింది. ఎఫద్ ఒంటెల మీంచి బరువులు దించకుండానే ఆమె ముందుకొచ్చి నిలబడ్డాడు.

“అన్న పడీపడీ నవ్వాడు పెద్దమ్మా. ‘ఆ ముసల్దానికి నాలుక కోసి ఉప్పు రాయాలి’ అన్నాడు.”

కెల్లు కళ్లు మెరిశాయి. “ఇంకా?”

“అంతే. వానలప్పుడు జ్వరమొచ్చింది. తేరుకోలేదు.”

ఆమె చాప మీద కూలబడింది. ఎఫద్ అన్నలా బేరమాడబోయాడు. ఒక దిమ్మ ఎత్తి చూసి, మొహమాటంగా, “ఉప్పు కాస్త తడిగా ఉన్నట్టుంది” అన్నాడు.

“ఉంటే ఉంది నాయనా” అంది కెల్లు. “నీకు తోచినంత పోసి పట్టుకెళ్లు.”