ముత్తక్క వీపు

చర్ల రోడ్డులో ఉన్న మా టాకీసుకు జనం ఒకప్పుడు ఎడ్లబండ్లు కట్టుకుని వచ్చేవారట. ఇప్పుడది గబ్బిలాలకు, పొద్దుటాటకొచ్చే మగాళ్లకు తప్ప ఎవరికీ పట్టదు. పోస్టరు మీద పెద్ద 'ఏ' ఉంటే చాలు, హాలు నిండుతుంది. నేను లేడీస్ గేటు దగ్గర టికెట్లు చించుతాను. పొద్దుటాటకు ఆ గేటు తెరిచే పనే ఉండదు.

ఒకసారి ఏదో అవార్డు సినిమా వచ్చింది, దానికి మాత్రం తెరిచాను. ముందురోజు ట్రయల్ వేస్తే ఊరికే కూర్చున్నాను. పాటల్లేవు, ఫైట్లు లేవు. ఎంతసేపూ ఆడవాళ్లు ఇప్పపూలు ఏరుతుంటారు. ఇదేం సినిమారా నాయనా అని కునుకు తీశాను. కళ్లు తెరిచేసరికి తెర నిండా ఒక వీపు, దాని మీద పొలం గట్లలా లాఠీ మచ్చలు. ఆమె అటు తిరిగి నిలబడింది, అంతే. మాట లేదు, మ్యూజిక్ లేదు. ఎంతకీ ఆ బొమ్మ తీయడు. చూపు తిప్పుకోవడం నా వల్ల కాలేదు. 

ఆ వీపు ముత్తక్కది. చర్ల అవతల అడవిలో ఊరు, సంతలో చింతపండు అమ్ముతూ నాకు పరిచయం. మచ్చలు మేకప్పు కాదు, పోడు భూముల గొడవలో పోలీసుల చేతిలో పడినవే. ట్రయల్ మర్నాడు పొద్దున మొగుడు సీతయ్యతో, జీపు నిండా కులపోళ్లతో దిగింది.

"దెబ్బలు పడ్డయంటే ఎవ్వరు నమ్మలే శ్యామలా. తెర మీద జూస్తే నమ్ముతరని సిగ్గిడిసి నిలబడ్డ. ఇప్పుడు మావోళ్లే, బట్టలిప్పి ఏం జేసినవే అంటుండ్రు. అందుకే తోలుకొచ్చిన. సూడనియ్."

ఆట మొదలైంది. మగాళ్ల వైపు ఒకటే గోల. వీపు వచ్చింది. ఈలలు వాటంతటవే ఆగిపోయాయి. ముత్తక్క నా చెయ్యి పట్టుకుంది.

"సూస్తుండ్రా?" అంది.

"అందరూ చూస్తున్నరు," అన్నాను. నాకు ఏడుపొచ్చింది.

అంతలో తెర మీది మనిషి ఇటు తిరిగింది. ట్రయల్‌లో తిరగలేదు. మెడ నుంచి కిందికే కనిపిస్తోంది, ఒంటి మీద నూలుపోగు లేదు. వేరే సినిమాలోంచి కోసి అతికించిన బిట్టు. రెండూ పాత ప్రింట్లే, రంగులు వెలిసిపోయి ఇద్దరి ఒంటి తేడా తెలియడం లేదు. హాలు ఎగిరిపడింది.

సీతయ్య బెంచీ ఎక్కాడు. "అది మా ఆమె గాదు! వీపే మా ఆమెది!"

"మరి ముందుది ఎవలదిరా?" అన్నారెవరో. అందరూ విరగబడి నవ్వారు.

నేను కేబిన్‌లోకి పరుగెత్తాను. ఆపరేటర్ రాంబాబు తాపీగా బీడీ కాలుస్తున్నాడు. "ఓనరు బెట్టమన్నడు శ్యామలక్కా. సినిమా మొత్తంల ఒళ్లు కనబడేది గా వీపు కాడనే. అతుకు తెలిసిందా?" అన్నాడు. పాపిష్టివాడికి అతుకు మీద గర్వం.

మా ఓనరు చెంచురామయ్య కోస్తా నుంచి వచ్చి ఈ హాలు కొన్నాడు. కౌంటర్లో ఉన్నాడు. నోటికొచ్చినట్టు తిట్టాను. ఆయన నవ్వాడు. "బిట్టు లేకపోతే మార్నింగ్ షోకి ఎవరొస్తారే? నీ జీతం ఇప్పపూలిస్తాయా?"

బయట కులపోళ్లు అప్పటికే జీపెక్కారు. పెద్దమనిషి దూలయ్య తలుపు మూసి, "నువ్వు మాతోని రావద్దు," అన్నాడు ముత్తక్కతో.

ఆమె ఏడవలేదు. జీపుకు వీపు తిప్పి, కొంగు తీసి, రవిక హుక్కులు విప్పి కిందికి లాగింది. "ఇగో, ఇది నాది. అది నాది గాదు. దగ్గరికొచ్చి సూడుండ్రి."

జీపులో వాళ్లంతా తలలు దించుకున్నారు. సైకిల్ స్టాండు నుంచి ఎవడో ఈలేశాడు. సీతయ్య తువ్వాలు తెచ్చి ఆమెకు కప్పాడు. జీపు వెళ్లిపోయింది.

"ఇంతమంది సూసిండ్రు గదా శ్యామలా," అంది ముత్తక్క. "నా వీపు ఎవరన్న సూసిండ్రా?"

"నేను చూసిన," అన్నాను.

నా ఒక్కదాని చూపుతో ఆమెకేం ఒరుగుతుంది? కొంగు బిగించుకుని, జీపు పోయిన దారినే మొగుడి వెంట నడిచింది. లోపల మళ్లీ ఈలలు మొదలయ్యాయి.