గేటు కింద దుంగ

మా ఆడపడుచుకి మడచెట్లంటే ప్రాణం. ఆ మొక్కలు పెంచడమే ఆమె ఉద్యోగం. సముద్రపు గోడలోని ఉక్కు గేటును ఎత్తి దించడం నా ఉద్యోగం. గోడ అవతల పాత మడచెట్లు, ఇవతల ఆమె కొత్తగా నాటిన మొక్కలు, వాటి వెనక ఊరు.

"పోటు నీళ్లు తగలకపోతే నా పిల్లలు చస్తాయి వదినా" అని రోజూ చెవిలో జోరీగలా పోరేది. పోరు పడలేక, గేటు దించినా సందు మిగిలేలా దాని కింద జానెడు దుంగ పెట్టనిచ్చాను. తుఫాను కబురొస్తే ముందు దుంగ తీయాలి, తర్వాతే గేటు దించాలి.

ఆ మధ్యాహ్నం తుఫాను చెప్పిన వేళకన్నా ముందే మీద పడింది. దుంగ ఆమె తీసిందనుకున్నాను నేను, నేను తీశాననుకుంది ఆమె. నేను మీట నొక్కగానే గేటు వచ్చి దాని మీద కూర్చుంది. ఆ సందులోంచి సముద్రం మొదటి వీధిలోకి దూకుతోంది.

"కాస్త ఎత్తితేనే ఊడుతుంది" అంటూ ఆడపడుచు కొక్కెం కర్ర అందుకుంది.

"ఎత్తితే ఊరు మునుగుతుంది."

"ఎత్తకపోయినా మునిగేదే, కాస్త నిదానంగా. ఊడగానే దించెయ్యి."

నడుముకి తాడు కట్టుకోమన్నాను. "పెళ్లిచూపులా ఏమిటి, ముస్తాబవడానికి" అని అవతలి ఇనుప నిచ్చెన దిగిపోయింది. నాకు ఒళ్లు మండిపోయింది. ఆ మంటంతా భయమే.

గేటు మూరెడు ఎత్తాను. నీళ్లు రంకెలు వేస్తూ లోపలికి పోయాయి. కొక్కెం రెండుసార్లు జారింది. చివరికి దుంగ ఊడి నీళ్లతోపాటు ఇవతలికి కొట్టుకొచ్చింది. అంతలోనే పెద్ద అల ఒకటి వచ్చి నిచ్చెనను గోడనుంచి పెళ్లగించింది. ఆడపడుచు పక్కనున్న మడచెట్టు వేళ్లు పట్టుకుని వేలాడింది. ఇక ఆమె లోపలికి రావాలంటే గేటు కింద సందు ఒక్కటే దారి.

"దించు వదినా."

"ముందు నువ్వు రా."

"నేను వచ్చేదాకా ఆగితే వీధి మిగలదు. దించు."

ఏడుస్తూనే మీట నొక్కాను. గేటు అడుగుకంటా దిగింది. ఆమె కొమ్మల్లోకి పాకడం కనిపించింది. తర్వాత వాన తప్ప ఏమీ కనిపించలేదు.

ఫోను మోగింది. మా ఆయన. వీధి జనాన్ని బడి మేడ మీదికి చేరుస్తున్నారు.

"నీళ్లు ఆగాయి. గేటు పడిందా?"

"పడింది."

"చెల్లి నీ దగ్గరే ఉందిగా?"

"అవతల మడచెట్లలో ఉందండీ. గేటెత్తితే రాగలదేమో." ఆయన ఊఁ అంటే ఎత్తేసేదాన్నే.

ఆయన వెనక పిల్లల ఏడుపులు వినిపిస్తున్నాయి.

"ఎత్తకు" అన్నారు. ఫోను మాత్రం పెట్టలేదు. తోడబుట్టినదాని కోసం ఆయన వెక్కివెక్కి ఏడుస్తుంటే, మీట మీదనుంచి చెయ్యి తీసేశాను.