బుట్టలల్లే తీగ

సాంబయ్యకు మనుషుల కంటే మిషన్ల మీదే ప్రాణమెక్కువని అతని భార్య దుర్గవ్వ కాలనీలో అందరికీ చెప్పుకునేది. అబద్ధమేమీ కాదు. బొగ్గు కంపెనీ కంప్యూటర్ సెక్షన్‌లో పనిచేసినన్నాళ్లూ, తుక్కు కింద పారేసినవాటినల్లా క్వార్టరుకు మోసుకొచ్చాడు. చిల్లుల కార్డులు చదివే మిషను, రబ్బరు మీటల స్పెక్ట్రమ్ కంప్యూటరు, ఒకప్పుడు బడులకు పంపిన బీబీసీ మైక్రో కంప్యూటర్లు రెండు. అన్నిటినీ బాగుచేసి నడిపించాడు. గదంతా వాటికే ఇచ్చేసి మొగుడూపెళ్లాలు వసారాలో పడుకునేవారు.

ఇప్పుడు రిటైరయ్యాడు, క్వార్టరు ఖాళీ చేయాలి. తుక్కు కొనేవాడు అప్పుడే రెండుసార్లు వచ్చి గుమ్మంలోంచి చూసిపోయాడు. వాడి చూపు తగిలినప్పుడల్లా సాంబయ్య లేచి తలుపు వేసేవాడు.

అందుకే కరీంనగర్‌లో కంప్యూటర్లు నేర్పే కరుణాకర్‌రావు, చొప్పదండి రేడియో మెకానిక్ వెంకటి వాటిని తీసుకుపోవడానికి మెటడోర్ వ్యాను వేసుకుని వస్తే, దేవుళ్లే దిగివచ్చినట్టనిపించింది. వాళ్లకూ ఇదే పిచ్చి. స్పెక్ట్రమ్ వెలగగానే వెంకటి చిన్నపిల్లాడిలా చప్పట్లు కొట్టాడు. ఇక ఫికర్ లేదనుకున్నాడు సాంబయ్య.

డబ్బాలు కట్టడానికి వాళ్లు కొబ్బరి తాడు తెచ్చారు. సాంబయ్య దాన్ని అవతల పారేశాడు.

“గీ తాడు తెగుతది సారు. గా గుంతల రోడ్డు మీద నా పానాలన్నీ కింద పడ్తయ్.”

లోపలికెళ్లి ఎరుపూ పసుపూ కలిసిన తీగ చుట్ట తెచ్చాడు. బొగ్గుబాయిలో మందు పెట్టి పేల్చినాక మిగిలే తీగ అది. కాలనీలో దాంతో బట్టలారేస్తారు, మంచాలు బిగిస్తారు. దుర్గవ్వ ఎంచక్కా బుట్టలల్లుతుంది.

“గిదేం తీగ, కాకా?” అన్నాడు వెంకటి.

“మా కాడ బుట్టలల్లుకునేది తియ్యి.”

అంతే చెప్పాడు. ఆ ఎండాకాలం రోడ్లన్నీ నక్సలైట్ల మందుపాతరల భయంతో బిక్కుబిక్కుమంటున్నాయని అతనికి తెలియదా? తెలుసు. కానీ పొద్దున లేస్తే కాళ్లకు తగిలే తీగను ఎవరు అనుమానిస్తారు? ఒక్కో డబ్బాను అడ్డంగా, నిలువుగా కట్టి ముడి బిగించి, బిడ్డను అత్తారింటికి పంపినట్టు పంపాడు.

మొదటి షిఫ్టు దిగి వస్తున్న గట్టయ్య గుమ్మం ముందు ఆగాడు. బాయిలో మందు పేల్చేది అతనే. కింద పడున్న తీగ ముక్కలు చూశాడు.

“దీంతోని ఏం గట్టినవే అన్నా?”

“డబ్బాలు. కరీంనగర్ పోయినయ్.”

గట్టయ్య మొహం పాలిపోయింది.

“పొద్దుగాల గోదావరి వంతెన అవతల పోలీసు జీపు పేలింది. ఆడ గిసొంటి తీగనే దొరికిందట. లక్సెట్టిపేట కాడికెల్లి ఒక్క బండిని ఇడిసిపెడ్తలేరు.”

మెటడోర్ వెళ్లి అప్పటికే నాలుగు గంటలైంది. సాంబయ్య ఎస్టీడీ బూతుకు పరుగెత్తాడు. కరుణాకర్‌రావు భార్య నిర్మలాదేవి ఎత్తింది.

“ఇంకా రాలేదే అన్నా. మీ కాడ్నే లేరా?”

డబ్బాల్లో వైర్లు, బోర్డులు, బ్యాటరీలు. పైన ఈ తీగ. అడిగితే చెప్పడానికి వాళ్లకేం తెలుసు? తను నోరు తెరిచి ఒక్క మాట చెప్పి ఉంటే! సాంబయ్య ఫోను పెట్టేశాడు. ఇంటికొచ్చి, ఇది బుట్టలల్లే తీగేనని పోలీసులకు చూపించడానికి చిలక్కొయ్యకున్న బుట్ట తీశాడు.

“గది పట్టుకొని పోతవా? నిన్ను గూడ గుంజుకపోతరు!” దుర్గవ్వ చెయ్యి పట్టుకుంది. “గా డబ్బాల కోసం సస్తవా?”

“డబ్బాలు మన్నుల కలవనీ. ఇద్దరు మనుషులే!”

దుర్గవ్వ చెయ్యి వదిలేసింది. ఇన్నేళ్ల కాపురంలో ఆ మాట అతని నోట ఎన్నడూ వినలేదు.

పొద్దుగూకుతుండగా సాంబయ్య ఎక్కిన బస్సు గోదావరి వంతెన ముందు ఆగింది. పక్కనే మెటడోర్, తలుపులు బార్లా తెరిచి ఉంది. మైక్రోల మూతలు పగలగొట్టి బోర్డులు దుమ్ములో పరిచారు. సాంబయ్య వాటిని చూడలేదు. మనుషుల కోసం వెతికాడు. ఇద్దరూ కనిపించలేదు. చక్రం పక్కన వెంకటి చెప్పు ఒక్కటే బోర్లా పడి ఉంది.

తుపాకీ భుజాన వేసుకుని ఒక జవాను బస్సెక్కాడు. చేతిలో ఎరుపూ పసుపూ తీగ.

“గిది ఎవలన్న గుర్తుపడ్తరా?”

సాంబయ్య ఒళ్లో తువ్వాల కింద బుట్ట ఉంది. అలాగే కూర్చుంటే బస్సు కదిలిపోతుంది. దుర్గవ్వ వసారాలో ఎదురుచూస్తుంటుంది.

తువ్వాల తీసి, బుట్ట పైకెత్తి పట్టుకుని లేచాడు.

“నాది సారు. నేనే కట్టిన. వాళ్లకేం తెల్వదు.”

జవాను బుట్టను చూశాడు. ఒక అడుగు వెనక్కి వేసి, తుపాకీ అతని మీదికి ఎక్కుపెట్టి, అతన్నొక్కణ్నీ ఉంచి మిగతావాళ్లందర్నీ దిగమన్నాడు.