ఫైబరు పడవకి ప్లాంటు బలం

సముద్రం గురించి కొర్నేలికి తెలిసిందల్లా అది ఉప్పగా ఉంటుందని. అయినా ఏ పెళ్ళికెళ్ళినా, ఆఖరికి సమాధి కార్యక్రమానికెళ్ళినా, భిలాయి ఉక్కు ప్లాంటు రోలింగ్ మిల్లులో తాను చూసుకున్న హైడ్రాలిక్ యంత్రాల గొప్పలే చెప్పేవాడు. "మన చెయ్యి పడితే కొండైనా కదలాల్సిందే" అనేవాడు. ఆ మాట నమ్మేసిన అమాయకుడు ఒక్కడే ఉన్నాడు, భార్య వెరోనికా తమ్ముడు షాలేమ్. సముద్రం ఒడ్డున పూడిమడకలో అతనికో చిన్న ఫైబరు పడవ ఉంది.

భిలాయి కొత్త రాష్ట్రంలోకి వచ్చి, బళ్ళ నంబరు పలకల మీద ఎంపీ చెరిపి సీజీ రాయించుకుంటున్న రోజుల్లో షాలేమ్ కుడి భుజం పట్టుకుని భిలాయిలో దిగాడు. వల లాగీ లాగీ ఆ భుజం పాడైపోయింది. ఇంకా లాగితే చెయ్యి పైకి లేవదని డాక్టరు తేల్చేశాడు.

"వల లాగే మిషనొకటి కట్టీయి బావా. లేకపోతే పడవమ్మీసి ఎక్కడో వాచ్‌మాన్‌గా చేరాల. సముద్రం లేకపోతే నానేటైపోతానో నాకే తెల్దు," అన్నాడు.

"అదేటి పెద్ద పనేట్రా!" అన్నాడు కొర్నేలి. రిటైరయ్యాక అతన్ని ఎవరైనా ఓ పని అడగడం అదే మొదలు మరి.

పక్కనున్న కుమ్హారిలో పాత ఇనుప సామానమ్మే కబాడీ కొట్లో చిన్న హైడ్రాలిక్ పంపూ మోటారూ జత దొరికింది. పడవ ఇంజను బెల్టుతోనే నడిచేది, ఒక్కడు మోసేంత బరువు. కొర్నేలి దాన్ని చూసి మూతి విరిచాడు. దాని పక్కనే పాత క్రేను నుంచి ఊడదీసిన జత బండలా పడి ఉంది. "ప్లాంటులో ఎంత కావాలో దానికి రెట్టింపు వేస్తాం. అందుకే ఏదీ విరగదు," అని అదే పట్టుకొచ్చాడు.

మరోదా చెరువులో చేపలు పట్టేవాళ్ళని బతిమాలి, ఇంజనున్న అలాంటి పడవే ఒకటి తీసుకుని, తాడు లాగే చక్రంతో సహా యంత్రం బిగించాడు. శక్తికి మించిన బరువుతో పరీక్షించందే ప్లాంటులో ఏ యంత్రాన్నీ పాస్ చెయ్యరు. చెరువులో అంత బరువు ఎక్కడ దొరుకుతుంది? నీళ్ళలో మునిగున్న చెట్టు మొద్దుకి తాడు కట్టించాడు. అక్కడితో ఆగినా బాగుండేది. బలం మితిమీరితే నూనెను వెనక్కి వదిలేసి యంత్రాన్ని ఆపే రిలీఫ్ వాల్వు ఒకటుంటుంది. దాన్ని ముట్టుకున్న కుర్రాళ్ళని ఒకప్పుడు చెడామడా తిట్టిన మహానుభావుడే ఇప్పుడు దాన్ని పూర్తిగా బిగించేశాడు.

మీట తిప్పాడు. మొద్దు కదల్లేదు. తాడు తెగలేదు. యంత్రం ఆగలేదు. ఇక వంగడానికి మిగిలింది పడవే కాబట్టి అది వంగింది.

"బావా, ఇది వల్ని లాగదు, మనల్నే నీట్లోకి లాగీస్తంది!" అని అరిచి షాలేమ్ ఎడం చేత్తో కత్తి తీసి తాడు కోసేశాడు. పడవ ఒక్క ఊపు ఊగింది. కొర్నేలి వెల్లకిలా చెరువులో పడ్డాడు.

"ఏటండీ, కొండ కదిలిందా?" అంది ఒడ్డు మీంచి వెరోనికా.

గుండెల్లోతు నీళ్ళలో నిలబడ్డ కొర్నేలికి నవ్వు రాలేదు. ఇదే సముద్రంలో అయ్యుంటే? వల ఏ రాతికో పట్టుకుని, వీడు కత్తి అందుకోలేకపోయుంటే? నా గొప్ప కోసం బామ్మర్దిని ముంచీసేవాణ్ణి కదా అనుకున్నాడు.

మర్నాడు కుమ్హారి వెళ్ళి, కబాడీవాడు ఇకిలిస్తుంటే తలొంచుకుని చిన్న జత తెచ్చుకున్నాడు. దాన్ని బిగించి, పడవని ఒడ్డుకి లాగి కట్టేశారు. ఈసారి మొద్దు జోలికి పోలేదు. తాడు చివర కొర్నేలి, వెనకాల వెరోనికా నిలబడ్డారు. ఇద్దరు మనుషులు ఎదురులాగితే యంత్రం ఆగి తీరాలి, అదీ లెక్క. యంత్రం వాళ్ళని రెండడుగులు ఈడ్చింది. మడమలు బురదలో తన్నిపెట్టారు. చక్రం మూలిగింది. కొర్నేలి ఒక చేత్తో తాడు పట్టుకునే, "వాల్వు కొంచెం వదులు చెయ్యరా" అని కేకేశాడు. షాలేమ్ వదులు చేశాడు. చక్రం ఆగిపోయింది.

"ఓడిపోయింది! ఒరే షాలేమూ, నా మిషను ఓడిపోయిందిరా!" అని కొర్నేలి గంతులేశాడు. బట్టలుతుకుతున్న ఆడాళ్ళు "పాగల్ హో గయా క్యా?" అని, పిచ్చి పట్టిందా వీడికి అన్నట్టు ముఖాలు చూసుకున్నారు.

అప్పుడు పడవని నీళ్ళలోకి దింపి, రాళ్ళు కట్టిన వల వేశారు. షాలేమ్ కూర్చునే ఎడం చేత్తో మీట తిప్పాడు. వల చక్రం మీదుగా ఎక్కొచ్చి అతని కాళ్ళ దగ్గర కుప్ప పడసాగింది. అలవాటు కొద్దీ కుడి చెయ్యి తాడు కోసం లేచింది. అక్కడ దానికేం పని లేదు. మెల్లగా మళ్ళీ ఒళ్ళోకి దిగింది. ఆ చేతినే చూస్తూ షాలేమ్ బావురుమన్నాడు.